గ్రౌండు పందెం

జయకుమారికి కోపం రావడం కొత్తేం కాదు. ఆవిడ ముక్కుపుటాలు అదిరాయంటే పక్కకి తప్పుకోవాలని బడిలో ఆరో తరగతి పిల్లలకి కూడా తెలుసు. కానీ ఆ జనవరి ఇరవై ఆరున జెండా వందనం పూర్తయ్యేసరికే ఆవిడకి ఒళ్ళంతా భగభగ మండిపోతోంది. ప్యూను చాక్లెట్ల పళ్ళెం చాపితే "నాకేం వద్దు, తీసుకుపో" అని కసిరింది. పాపం, మధ్యలో అతనేం చేశాడు?

మండదా మరి! ఆవిడ ఆ హైస్కూల్లో ఆటల టీచరు. నాలుగేళ్ళుగా ఆడపిల్లలకి త్రోబాల్ నేర్పుతోంది. ఏటా ఈ రోజుల్లో మిరపకాయ కోతలు ఊపందుకోగానే, పేరెంట్స్ కమిటీ చైర్మన్ చెంచయ్య ట్రాక్టరు బడి గేట్లోకి వచ్చేస్తుంది. గ్రౌండు నిండా పట్టాలు పరిచి కాయ ఎండబోస్తారు. ఇక రెండున్నర నెలలు అది గ్రౌండు కాదు, మిరప కల్లం. ఆ ఘాటుకి క్లాసుల్లో పిల్లలు దగ్గలేక చస్తుంటే హెడ్మాస్టరు రామచంద్రమూర్తి గారు తన గది కిటికీలు మూయించుకుని ఊరుకుంటారు. ఆడపిల్లలు తారు రోడ్డు మీద బంతి విసురుకుంటారు. గ్రానైట్ లారీ వచ్చినప్పుడల్లా పక్కకి దూకుతారు. పోయినేడాది అలా ఆడీ ఆడీ టోర్నమెంట్లో మొదటి మ్యాచే ఓడిపోయి వచ్చారు.

ఈ ఏడు ఫిబ్రవరి పదిహేనున జోనల్ పోటీలు. కెప్టెన్ జ్యోతిర్మయి అందులో సెలెక్టయితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటొస్తుంది, ఇంటర్ చదువుకుంటుంది. కాకపోతే ఆ పిల్ల చదువు పదో తరగతితో సరి, వాళ్ళమ్మ సుబ్బరావమ్మ వెంట కోతకి పోవాల్సిందే. ఇంకో ఇరవై రోజులు గ్రౌండు కావాలి. జయకుమారి అడిగింది అంతే.

ముందురోజు స్టాఫ్ రూములో అదే అడిగింది. "ఇరవై రోజులు ఆగలేరా సార్? ఊళ్ళో కాయ ఎండబెట్టడానికి ఇంకెక్కడా చోటే లేదా?"

చెంచయ్య అక్కడే కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నాడు. "ఎందుకు లేదమ్మా? డొంక అవతల నా బీడుంది. అక్కడైతే కాపలా ఎవడు కాస్తాడు? ఇక్కడ గోడుంది, గేటుంది." గ్లాసు కింద పెట్టి, ఏదో సరదా తోచినట్టు నవ్వాడు. "ఓ పని చేద్దాం. రేపు పిల్లలకీ అయ్యవార్లకీ మ్యాచుందిగా. మీ పిల్లలు గెలిస్తే గ్రౌండు వాళ్ళది. ఓడితే నా కాయది. మాటంటే మాటే!"

"దానికి సాక్షిని నేను" అని హెడ్మాస్టరు పకపకా నవ్వాడు.

నవ్వడూ మరి! రిపబ్లిక్ డే మ్యాచ్‌లో పిల్లలు గెలిచిన దాఖలా ఆ బడిలో లేదు. అయ్యవార్లని ఓడించడం మర్యాద కాదని పిల్లలే బంతి జారవిడుస్తారు. అలా దక్కిన గెలుపు గురించి లెక్కల మాస్టారు నాగేంద్రబాబు ఏడాది పొడుగునా డబ్బా కొట్టుకుంటాడు. పైగా ఆటల టీచరు కూడా స్టాఫే గనక జయకుమారి అయ్యవార్ల జట్టులోనే ఆడాలట. అంటే తన పిల్లల గ్రౌండు తన చేత్తోనే లాక్కోవాలన్నమాట. ఎంత తెలివి!

సాయంత్రం పిల్లల్ని పిలిచి "ఈసారి మర్యాదా లేదు, గిర్యాదా లేదు. గెలిచి తీరాలి" అని చెప్పింది. తనవైపు వచ్చిన బంతి మాత్రం వదిలెయ్యాలని మనసులో అనుకుంది. ఆటలో దొంగతనం చేసినవాళ్ళని గ్రౌండు చుట్టూ పది రౌండ్లు పరిగెత్తించే మనిషి తను! అందుకే చెంచయ్య మీదున్న కోపానికి తన మీద తనకున్న కోపం కూడా తోడైంది.

పది గంటలకి మ్యాచ్ మొదలైంది. పదిహేను పాయింట్లు ముందు ఎవరికొస్తే వాళ్ళు గెలిచినట్టు. గేటు బయట గోతాలతో నిండిన ట్రాక్టరు ఆగి ఉంది. కాయ దింపడానికొచ్చిన కోత ముఠా ఆడవాళ్ళు పాతికమంది ప్రహరీ నీడలో కూర్చున్నారు. వాళ్ళలో ముందు కూర్చుంది సుబ్బరావమ్మ. చెంచయ్య కోర్టు పక్కనే కుర్చీ వేయించుకున్నాడు. హెడ్మాస్టరు విజిలు వేశాడు.

మొదటి బంతి జయకుమారి చేతుల్లోకే వచ్చింది. జారవిడిచింది.

"ఏంటి మేడం, పొద్దున టిఫిన్ తినలేదా?" అన్నాడు నాగేంద్రబాబు.

తర్వాత ఆయన విసిరాడు. అదీ ఒక విసురేనా! ఉసూరుమంటూ వల దాటి నేరుగా జ్యోతిర్మయి చేతుల్లోకి పోయింది. నిద్రలో లేపి విసిరినా పట్టగల బంతి. ఆ పిల్ల వదిలేసింది. చెయ్యి జారిందేమో అనుకుంది జయకుమారి. రెండోదీ వదిలేసింది. మూడోదాన్ని వలలోకే విసిరికొట్టింది. ఇటు టీచరు వదిలేస్తోంది, అటు కెప్టెన్ వదిలేస్తోంది. బంతిని పట్టే దిక్కే లేదు. చూస్తున్న పిల్లలు కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. తానొక్కడే ఆడుతున్నానని నాగేంద్రబాబు మహా పొంగిపోతున్నాడు. అయ్యవార్లు పదకొండు, పిల్లలు ఎనిమిది.

జయకుమారి టైమ్ అడిగి, వల కింద నుంచి దూరి వెళ్ళి జ్యోతిర్మయి జబ్బ పట్టుకుంది. "ఏమే, చేతులు పడిపోయాయా? ఏంటా ఆట?"

ఆ పిల్ల తల ఎత్తలేదు. "అమ్మ ఓడిపొమ్మంది మేడం. గెలిస్తే చెంచయ్య గారికి కోపమొస్తుందంట. రేపట్నుంచి మా ముఠాని కోతకి పిలవడంట."

జయకుమారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ప్రహరీ వైపు తిరిగింది. సుబ్బరావమ్మ చూపు దించేసుకుంది. కన్నతల్లివేనా నువ్వు, కూతురి సీటు నీ చేత్తోనే కాలదన్నుతావా అని పాతికమంది ముందూ కడిగెయ్యాలని రెండడుగులు వేసింది కూడా.

ఈలోగా కుర్చీలోంచి చెంచయ్య నవ్వాడు. వాళ్ళ మాటలు ఆయన చెవిన పడ్డాయి, ప్రహరీ దాకా వినబడేలా గొంతు పెంచాడు. "ఎందుకు మేడం అంత ఆయాసం? ఆడపిల్లలకి ఆటలెందుకు, గ్రౌండెందుకు? రెండేళ్ళు పోతే వీళ్ళంతా నా చేలో కాయ కొయ్యాల్సినవాళ్ళేగా. ఇప్పట్నుంచే నడుం వంచడం నేర్పండి, పనికొస్తుంది."

నవ్వుతున్న పిల్లలు ఠక్కున ఆగిపోయారు. జయకుమారి ముక్కుపుటాలు అదిరాయి. చెంచయ్య వైపు తిరిగి నోరు తెరిచింది.

కానీ అరిచింది ఆవిడ కాదు. "ఒసేయ్ జ్యోతీ!" అంటూ సుబ్బరావమ్మ లేచి నిలబడింది. ఆ కేక బజారు దాకా వినిపించి ఉంటుంది. "నేను చెప్పిన మాట గాలికొదిలెయ్! ఆడవే! ఇంకొక్క బంతి కింద పడేశావంటే ఇంటికి రామాకు!"

జ్యోతిర్మయి తల్లి వంక చూసింది. పెదవి కొరుక్కుని, ఓణీ బిగించి ముడేసుకుంది. జయకుమారి తన వైపుకి వచ్చేసింది. ఇక దొంగాట అక్కర్లేదు. ఈ పిల్ల గెలిస్తే నిజంగానే గెలవాలి, ఎవడూ వంక పెట్టకూడదు. నాలుగేళ్ళలో పిల్లల మీద ఎన్నడూ వెయ్యనంత బలంగా విసిరింది. రెండు పాయింట్లు కూడా తెచ్చింది. మిగతావన్నీ అవతలి వాళ్ళవే. పట్టిన బంతి పట్టినట్టే తిరిగొస్తోంటే నాగేంద్రబాబు వెనక్కి వెనక్కి జరిగి గీత దాటిపోయాడు. పిల్లలు పద్నాలుగు, అయ్యవార్లు పదమూడు. జయకుమారి ఎగిరి, కోర్టు మూలకి గురిచూసి కొట్టింది. అది ఎవరికీ అందే బంతి కాదు. జ్యోతిర్మయి మోకాళ్ళు దోక్కుపోతున్నా దూకి పట్టుకుంది. లేచి, ఒక్క విసురు. బంతి టీచరు వేళ్ళు దాటి నేల మీద పడింది.

పిల్లలు గోల గోల. ప్రహరీ దగ్గర ఆడవాళ్ళు చప్పట్లు. ఓడిపోయి అంత సంతోషపడ్డ మనిషి ఆ జిల్లాలో ఇంకొకరు ఉండరు.

చెంచయ్య తీరిగ్గా లేచి, పంచె దులుపుకుని, ట్రాక్టరు డ్రైవరుకి లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు.

"ఏంటిది?" జయకుమారి పరిగెత్తుకుంటూ వెళ్ళి ట్రాక్టరుకి అడ్డం నిలబడింది. "మాటంటే మాటే అన్నారు!"

"సరదాకి అన్నానమ్మా. ఆటా గీటా అని లక్షణమైన కాయ గోతాల్లో ముక్కిపోనివ్వమంటావా?"

"సార్, మీరు సాక్షి అన్నారు!"

రామచంద్రమూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఫ్రెండ్లీ మ్యాచ్ కదమ్మా. కొంచెం స్పోర్టివ్‌గా తీసుకోండి."

ఆ మాట తనకి! ఆ మాట ఆ నోటితో! చేతిలో ఉన్న బంతి ఆయన మొహాన కొట్టకుండా ఎలా ఆపుకుందో ఆవిడకే తెలియదు.

చెంచయ్య ఆవిణ్ణి పక్కన పెట్టి ఆడవాళ్ళ మీద కేకేశాడు. "చూస్తారేంటే? రండి, దింపండి!"

ఒక్కరూ కదల్లేదు.

"దింపం" అంది సుబ్బరావమ్మ. "బీడు కాడికి తోలండి చెంచయ్య గారూ, అక్కడ ఎన్ని గోతాలైనా దింపుతాం. ఇక్కడ ఒక్కటి కూడా దింపం."

"రేపట్నుంచి మీ ముఠాని పనికి పిలవను. ఆలోచించుకో!"

"పిలవమాకండి. చేలో కాయ పండి రాలిపోతా ఉంది, చుట్టుపక్కల ముఠాలన్నీ పనుల్లో ఉన్నాయి. రెండేళ్ళు పోతే మా పిల్లలొస్తారన్నారుగా, అందాకా ఆపుకోండి."

చెంచయ్య మొహం కందగడ్డయింది. తనే ట్రాక్టరెక్కి ఒక గోతాం లాగబోయాడు. అది అంగుళం కదిలింది, ఆయన రొప్పాడు. డ్రైవరు వంక చూస్తే వాడు స్టీరింగు వంక చూస్తున్నాడు. కాసేపటికి దిగి, ఎవరి మొహమూ చూడకుండా "బీడుకి తోలరా" అన్నాడు.

ట్రాక్టరు వెనక్కి తిరిగింది. ఆడవాళ్ళు కొంగులు నెత్తిన కప్పుకుని దాని వెనకే నడిచారు. జయకుమారి సుబ్బరావమ్మ దగ్గరికి వెళ్ళింది. ఇందాక మనసులో తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

"రేపు పని..." అంది.

"ఏమో మేడం, పిలిస్తే పిలుస్తాడు, లేకపోతే లేదు" అంది సుబ్బరావమ్మ. "మీరేంటి ఇక్కడ నిలబడ్డారు? ఎండెక్కుతా ఉంది, పిల్లల్ని ఆడించండి."

మైలు దూరంలో ఉన్న బీడులో ఆ గోతాలన్నీ దింపాలి. ఆమె గబగబా నడిచి మిగతా ఆడవాళ్ళని కలుసుకుంది.