కనిపించిన గుడ్డ

విమానాన్ని మ్యూజియం హాల్లో ఇనప దిమ్మెల మీద నిలబెట్టి కొత్త రంగు కొట్టారు. పొట్ట కింద తూటాలు పడ్డచోట వేసిన రేకుల అతుకులు మాత్రం రంగును లెక్కచేయకుండా పొక్కుల్లా తేలే ఉన్నాయి. రెండు యుద్ధాల్లో దాన్ని నడిపిన పైలట్ ఆ రోజు ముఖ్య అతిథి. ఆయన భార్య, సైనిక ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, ముందు వరసలో కూర్చుంది. ఆమె చూపు వేదిక మీద లేదు, తలుపు మీద ఉంది. తమ్ముడు రాకుండా ఉంటే చాలని పొద్దుటినుంచీ మొక్కుకుంటూనే ఉంది.

తమ్ముడు కాల్బలంలో సిపాయి. రెండో యుద్ధంలో వాడి దళం కొండ మీద కందకంలో ఉండగా ఇదే విమానం వచ్చి వాళ్ల మీదే రాకెట్లు వదిలింది. ఆ కందకంలోంచి ప్రాణాలతో బయటపడింది వాడొక్కడే, అదీ ఒక కాలు అక్కడే వదిలేసి.

"సొంత మనుషులమని తెలిసేలా నారింజ గుడ్డ పరిచాం కదా, బావకి కనబళ్లేదా?" అని వాడి ప్రశ్న.

"అంతా పొగ. గుడ్డా లేదు, గాడిదగుడ్డూ లేదు" అని ఆయన జవాబు.

అప్పట్నుంచీ బావాబామ్మర్దులు ఉప్పూనిప్పూ అయ్యారు. విచారణకొచ్చిన అధికారులు పొగ మాటే నమ్మారు. నర్సూ నమ్మింది. నమ్మి ఊరుకుందా? తమ్ముడి మోడుకాలికి కట్టు మారుస్తూ మొగుడి తరపున వాదించింది. "అంత వేగంలో ఉన్నవాడికి చేతిరుమాలంత గుడ్డ ఏం కనబడుతుందిరా?" అనేది. వాడు పళ్లు బిగించేవాడు. నొప్పికేమో అనుకునేది.

పైలట్ మైకు అందుకున్నాడు.

"దీనికి మేం పెట్టుకున్న పేరు మొండిగద్ద. మొదటి యుద్ధంలో శత్రువు ట్యాంకులు నది దాటుతుంటే చెట్ల కొసలు తగిలేంత కిందికి దిగి, వంతెనతో సహా ముంచేసింది. తిరిగొచ్చేసరికి పొట్టంతా జల్లెడ. ఫిట్టర్లు రేకులు అతికి మర్నాడే మళ్లీ పంపారు. రెండో యుద్ధంలో కొండల్లో శత్రువు స్థావరాల మీద..."

"ఏ కొండ, బావా?"

వెనక వరసలోంచి తమ్ముడు లేచాడు. కట్టెకాలు నేలకు తాటిస్తూ నడవలోకి వచ్చాడు.

"కూర్చో. ఇది నీ ఇల్లు కాదు" అన్నాడు పైలట్.

"నా ఇంటి గడప నువ్వెప్పుడు తొక్కావు గనక? అందుకే ఇక్కడికొచ్చా. దీని చరిత్ర చెప్తున్నావుగా, మా కందకం సంగతీ చెప్పు. మాకు వండిపెట్టినవాడు నా ఒళ్లోనే పోయాడు. వాడూ దీని చరిత్రలో వాడే."

"తాగొచ్చాడు. బయటికి గెంటండి!"

కాపలావాడు అడుగు ముందుకేశాడు. నర్సు లేచి నిలబడింది.

"వాడు తాగడు. ఆ సంగతి మీకూ తెలుసు."

భార్య నోట ఆ మాట రాగానే పైలట్ మొహం కందగడ్డయింది.

"నువ్వూ వాడి పక్షమేనా? సరే, వినండి! కనిపించింది. గుడ్డ కనిపించింది! అయితే ఏంటి? అంతకుముందే శత్రువు అలాంటి గుడ్డే పరిచి మా వాణ్ణొకణ్ణి కూల్చాడు. నమ్మి వదిలేస్తే, కింద ఉన్నది వాళ్లే అయితే, లోయలో మన బెటాలియన్ గతేంటి? మళ్లీ ఎదురైతే మళ్లీ కాలుస్తా!"

ఆ మాటల్ని మైకు హాలు మూలమూలకీ మోసుకెళ్లింది. తమ్ముడు ఆయన వంక చూడనైనా లేదు. అక్క వైపు తిరిగాడు.

"విన్నావా అక్కా? చేతిరుమాలంత గుడ్డ."

అని వెళ్లిపోయాడు. ఆమె పరుగున వెళ్లి గేటు దగ్గర అందుకుంది.

"ఒరేయ్, ఆగరా. నాకు తెలీదు, ఒట్టు."

"తెలుసుకోవాలని నీకెప్పుడూ లేదు. ఆయన కాల్చింది ఒక్కసారి. నువ్వు కట్టు మార్చిన ప్రతిసారీ కాల్చావు. నా వెనక రాకు."

వాడెక్కిన ఆటో మలుపు తిరిగింది. పైలట్ కారు వచ్చి ఆమె పక్కన ఆగింది.

"ఎక్కు. నలుగురూ చూస్తున్నారు."

"కనిపించిందని నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నాతో ఉండేదానివా?"

"అప్పుడే చెప్పుంటే ఉండేదాన్నేమో. ఇప్పుడుండను."

ఆమె ఆ ఇంటికి మళ్లీ వెళ్లలేదు. ఆసుపత్రి వెనక గది అద్దెకు తీసుకుంది. తమ్ముడు కుట్టుమిషన్లు బాగుచేసే షాపుకు వెళ్తూ ఉండేది. మొదట్లో ఆమెను చూడగానే షట్టర్ దించేసేవాడు. పోనుపోను దించడం మానేశాడు గానీ, కూర్చోమని మాత్రం అనలేదు. వాడు మిషను విప్పుకుంటూ తల వంచుకుని ఉంటే, ఆమె గుమ్మంలో నిలబడే ఉండేది.