తుప్పు బనియను

ఒమాన్ తీరాన ఘుబ్రాలో సముద్రపు గాలికి తుప్పు పట్టనిదంటూ లేదు. గేట్లకు పట్టింది, ఏసీ చట్రాలకు పట్టింది, తొంభై మూడు ఎండాకాలంలో ఫక్రుద్దీన్‌కూ పట్టింది. ఇరుగుపొరుగు ఎవరూ వింతపడలేదు. కడప నుంచి వచ్చినప్పుడు రివటలా ఉన్న మనిషి. అల్ ఖువైర్ గ్యారేజీలో ఫోర్‌మన్ కుర్చీ దొరికాక డ్యూటీకి కారులో పోవడం, కారులో రావడం, తినడం. బొజ్జ రాక ఏమవుతుంది? ఆ బొజ్జ దగ్గర బనియను మీద రోజూ ఎర్రటి మరక పడేది. భార్య హమీదున్నీసా నిమ్మచెక్కతో, ఉప్పుతో రుద్ది ఆరేసేది.

మరక నెలనెలా పైకి పాకుతుంటే ఆమెకు గుబులు పుట్టి, మొగుణ్ణి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరు బొజ్జ తట్టి, వేళ్లకంటిన తుప్పు తుడుచుకున్నాడు. "ఈ కొవ్వు ఊరికే కూర్చోదయ్యా. లోపల నిప్పు రాజేసి రవ్వలు చిమ్ముతూనే ఉంటుంది. అవి రక్తనాళాలను తుప్పులా తినేస్తాయి. నాళాలు పూడితే గుండె ఆగుతుంది. తిండి తగ్గించు, నడువు."

బయటికొచ్చి ఫక్రుద్దీన్ నవ్వాడు. "ఇన్నేండ్లు బండ్లు చూస్తాండా, తుప్పుకు మందు నాకు చెప్తాడా? గ్రీజు పెట్టల్ల, అంతే!"

"గ్రీజు తింటావా?"

"నెయ్యి తింటా."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. అన్నంలో నెయ్యి, రొట్టెకు నెయ్యి, ఖీరు మీద తేలేలా నెయ్యి. మనిషి నిగనిగలాడాడు, మరక మాత్రం రొమ్ము దాకా ఎగబాకింది. ఒక శుక్రవారం నమాజు వరుసలో అతని భుజం తగిలి, పక్కనున్న ఒమానీ పెద్దాయన తెల్లటి దిష్‌దాషా అంగీ పాడైంది. పాపం, ఆయన కోప్పడలేదు. నిమ్మకాయతో రుద్దితే పోతుందని తనే ధైర్యం చెప్పి వెళ్లాడు.

ఫక్రుద్దీన్ ఇంటికొచ్చి, చొక్కా విప్పి బిర్యానీ ముందు కూర్చున్నాడు. వడ్డించబోయిన హమీదున్నీసా చేయి ఆగిపోయింది. ఎడమ రొమ్ము మీద, సరిగ్గా గుండె పైన, కొత్త మరక ఆమె చూస్తుండగానే వెడల్పవుతోంది.

"లెయ్, ఆస్పత్రికి పోదాం."

"బిర్యానీ చల్లారిపోతాదే! నాకు నొప్పేం లేదు."

"నీకు లేదు. బనియనుకుంది. లెయ్యమంటి!"

పూడిన నాళాన్ని ఆ మధ్యాహ్నమే తెరిచారు. "తినేసి వద్దామనుకుని ఉంటే మీరు వచ్చేవాళ్లు కాదు," అన్నాడు ఆస్పత్రి డాక్టరు. ఫక్రుద్దీన్ ఇంకా ఆకలి మీదే ఉన్నాడు.

ఆ తర్వాత నెయ్యి డబ్బా ఇల్లు దాటింది. సముద్రపు ఒడ్డున ఆలుమగలు రోజూ నడిచారు. అతను రొప్పుతూ డాక్టర్ని తిట్టేవాడు, ఆమె వెనక నుంచి తోసేది. బొజ్జ తగ్గేకొద్దీ మరకా వెలిసిపోతూ వచ్చింది.

ఒకరోజు పొద్దున హమీదున్నీసా నిమ్మకాయ కోసి పెట్టుకుని బనియను పరిచి చూసింది. తెల్లగా ఉంది. తిరగేసి చూసింది. అక్కడా తెల్లగానే ఉంది. దాన్ని మొహానికి అదుముకుని ఏడ్చింది.

కోసిన నిమ్మకాయ పారేయడం ఎందుకని మధ్యాహ్నం కీరా ముక్కల మీద పిండి మొగుడి ముందు పెట్టింది. ఫక్రుద్దీన్ మొహం చిట్లించుకుని, ఒక్క ముక్కా మిగల్చకుండా తిన్నాడు.