అద్దంలో చదవాల్సిన సబ్బులు

సబ్బుల ఫ్యాక్టరీ మూతపడి పదకొండేళ్ళయినా అచ్చు సెక్షన్ ఇన్‌చార్జి మాత్రం ఇంకా ఇన్‌చార్జిగానే ఉన్నాడు. ఇంట్లో చెప్పుల వరుస, మందుల డబ్బా, కిటికీ గొళ్ళాలు అన్నీ ఆయన అజమాయిషీలోనే నడిచేవి. వాటిలో ఏదీ ఆయన మాట వినేది కాదు. ఫ్యాక్టరీలో మెషీన్లూ అంతే గనక ఆయనకి అదేమంత కష్టంగా తోచేది కాదు.

ఊళ్ళోని లైబ్రరీవాళ్ళు పాత కార్మికుల జ్ఞాపకాలు రికార్డు చేసి దాచిపెడతామని కబురు పంపితే, ఆయన నాలుగు రోజులు కూర్చుని ఎనిమిది పేజీలు రాశాడు. పైన ‘సంస్థ అభివృద్ధిలో నా పాత్ర’ అని పెట్టి, కింద రెండు గీతలు కొట్టాడు. ఆయన భార్య అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్ చూసిన మనిషి. కళ్ళజోడు పెట్టుకుని ఎనిమిది పేజీలూ చదివింది.

“ఇందులో మేమెవరం లేమేంటండీ?”

“ఎందుకు లేరు? ఆరో పేజీ చూడు. ‘తదితర సిబ్బంది’ అని రాశాను.”

ఆవిడ కాగితాలు మడిచి ఆయన చేతిలో పెట్టి చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

అందరూ కూర్చున్నాక వెళ్తే పేరు పెట్టి ముందుకి పిలుస్తారని ఆయన లెక్క. అందుకని కావాలనే భార్యని పావుగంట ఆలస్యంగా బయల్దేరదీశాడు. తీరా వెళ్ళేసరికి ఎవరూ తల తిప్పి చూడలేదు. పాతికమంది పాతవాళ్ళు బల్ల చుట్టూ చేరి, లైబ్రేరియన్ అమ్మాయి పెట్టిన చిన్న రికార్డర్ మీదకి వంగి, ఒకరి మాట ఒకరు లాక్కుంటున్నారు. మొగుడూ పెళ్ళాలిద్దరూ వెనకాల, దినపత్రికలు వేలాడదీసే చట్రం చాటున దొరికిన కుర్చీల్లో సర్దుకున్నారు.

బాయిలర్ దగ్గర ముప్ఫై ఏళ్ళు పనిచేసిన పెద్దాయన వాన రోజుల గురించి చెప్తున్నాడు. నాలుగు చినుకులు పడితే చాలు, ఫ్యాక్టరీ పెరడంతా నురగ తేలేదట. గేటు దాటి వీధి కాలవలోకి పొంగి, మోకాలెత్తున తెల్లగా వెళ్ళిపోయేదట. “మా వీధంత శుభ్రమైన కాలవ ఈ భూమ్మీద ఉండదమ్మా” అన్నాడాయన, రికార్డర్‌కి వినపడదేమోనని గట్టిగా.

తర్వాత కటింగ్ సెక్షన్ అక్క అందుకుంది. నేలంతా సబ్బు జారుడు గనక అందరూ కాళ్ళు ఎడంగా వేసి బాతుల్లా నడిచేవాళ్ళట. అదే నడక ఇంటికీ, బజారుకీ వచ్చేసేదట. “పెళ్ళిచూపుల్లో నా నడక చూసి మా ఆయన వాళ్ళమ్మ, పిల్లకి కాళ్ళ నొప్పులేమో అందట. సబ్బుల ఫ్యాక్టరీ పిల్ల అని ఎవరో చెప్తే గాని సంబంధం కుదర్లేదు.”

అందరూ నవ్వారు. ఇన్‌చార్జికీ హాయిగా అనిపించింది. నిజమే, ఆయనా ఇప్పటికీ స్నానాల గదిలోకి బాతులాగే వెళ్తాడు.

“అన్నీ సరే, మన నురగ మాస్టారి సంగతి చెప్పరేం?” అంది అక్క. ఆ పేరు వినగానే గది గొల్లుమంది.

“ఎవరండీ ఆయన?” అని అడిగింది లైబ్రేరియన్ అమ్మాయి.

“ఉండేవాడులే. నోరు తెరిస్తే నురగే, కింద సబ్బు ఎంతుందో ఆ దేవుడికే తెలియాలి. మేనేజర్ వస్తున్నాడంటే చాలు, ఆగిపోయిన మెషీన్ పక్కన కూడా నడుం మీద చెయ్యేసి నిలబడేవాడు” అంది అక్క.

కలిపే సెక్షన్‌లో అలాంటివాడొకడు ఉండేవాడని ఇన్‌చార్జికి లీలగా గుర్తు. ఆయన అందరికన్నా గట్టిగా నవ్వాడు. నవ్వి ఊరుకోక, వెనకనుంచి, “అలాంటి కోతలరాయుళ్ళు సెక్షన్‌కొకడు ఉంటారు లెండి!” అని అరిచాడు.

గది ఒక్కసారిగా చల్లబడింది. అక్క వెనక్కి తిరిగి చూసి చేత్తో నోరు మూసుకుంది. బాయిలర్ పెద్దాయనకి చూపు ఆనదు. అందుకే ధైర్యంగా, “రెండు పెన్నులు జేబులో పెట్టుకునేవాడమ్మా, ఒక్కటీ రాసేది కాదు” అన్నాడు.

ఇన్‌చార్జి చెయ్యి దానంతటదే జేబు మీదకి వెళ్ళింది. పెన్నులు రెండున్నాయి. భార్య వైపు చూశాడు. ఆవిడ దినపత్రికలో వాతావరణం వార్త ఎంతో శ్రద్ధగా చదువుతోంది.

తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. కానీ తలుపు బల్ల అవతల ఉంది. వెళ్ళాలంటే అందరి ముందు నుంచీ బాతులా నడవాలి. ఎలాగూ నడిచేదే గదా అని నేరుగా బల్ల దగ్గరకే వెళ్ళి కూర్చున్నాడు. ఎనిమిది పేజీలు మడిచి తొడ కింద పెట్టుకున్నాడు.

“నురగ మాస్టారి గురించి మీకు సగమే తెలుసు. మిగతా సగం నేను చెప్తా” అన్నాడు.

ఒకసారి సబ్బు మీద పేరు పడే కొత్త అచ్చు వచ్చింది. సరిచూసి బిగించమని మేనేజర్ ఆయనకిచ్చాడు. అచ్చు మీద అక్షరాలు తిరగేసి ఉంటేనే సబ్బు మీద సరిగ్గా పడతాయి. ఆయన అచ్చుని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని, “ఆహా, ముత్యాల్లా ఉన్నాయి, ఒక్క అక్షరం తడుముకోకుండా చదవగలిగాను” అని సంతకం పెట్టేశాడు. ఇంకేముంది, సబ్బులన్నీ అద్దంలో పెట్టి చదువుకోవాల్సినట్టు వచ్చాయి.

“పది సబ్బులు పడేసరికి పట్టుకున్నాను గనక సరిపోయింది” అని ముగించాడు.

ఎవరూ నవ్వలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనకనుంచి భార్య గొంతు వినిపించింది.

“పది కాదండీ. మూడు వేల నాలుగు వందలు.”

ఆయన గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఆవిడ లేచి వచ్చి ఆయన పక్కన నిలబడింది.

“పొద్దున అచ్చు బిగించి మీరు ఆఫీసు కాగితాల్లో పడ్డారు, మెషీన్ అలా కొడుతూనే ఉంది. మధ్యాహ్నం మీరు అన్నానికి వెళ్ళాక కాగితం చుట్టబోతూ నేను చూశాను. అక్కావాళ్ళు ట్రేలన్నీ మోసుకెళ్ళి మళ్ళీ ముద్దలో కలిపేశారు. మీరొచ్చేసరికి పది మాత్రం ఉంచి, మెషీన్ ఇప్పుడే మొదలైందన్నాం, మీ అంతట మీరే పట్టుకుంటారని.”

“మేనేజర్‌కి తెలియలేదా?” అన్నాడు ఇన్‌చార్జి.

“గంటసేపు నా బాయిలర్ చూపించాను కదా” అన్నాడు పెద్దాయన. “ఏ మీట ఎందుకో అన్నీ చెప్పాను. పాపం, ఆయన చొక్కా పిండితే నీళ్ళు కారాయి.”

ఇన్‌చార్జి తొడ కింది కాగితాలు తడుముకున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ పది సబ్బుల గొప్ప ఎంతమందికి చెప్పాడో! నాలుగో పేజీ అంతా అదే.

“నాకోసం అంత ఎందుకు చేశారు?” అన్నాడు చివరికి.

అక్క చీర చెంగు సర్దుకుంది. “ప్యాకింగ్ వాళ్ళు రోజంతా నిలబడే పని చేసేవాళ్ళు, గుర్తుందా సార్? మీరు మేనేజర్ గదిలో దూరి, మనిషి వెన్నెముక గురించి మొదలుపెట్టి గంటన్నర వదల్లేదు. మీ నురగ భరించలేక ఆయన ముప్ఫై స్టూళ్ళు తెప్పించాడు. మీకోసం ఆమాత్రం చెయ్యమా?”

“నేనా?” అన్నాడాయన. నిజంగానే గుర్తులేదు. ఎనిమిది పేజీల్లో స్టూలన్న మాట ఎక్కడా లేదు.

లైబ్రేరియన్ అమ్మాయి రికార్డర్ ఆపడం మరిచిపోయింది. మాటలు మళ్ళీ ఊపందుకున్నాయి. సాయంత్రం తలుపులు మూసే వేళయిందని ఆ అమ్మాయి మూడుసార్లు చెప్తే గాని ఎవరూ లేవలేదు. లేచినవాళ్ళు మెట్ల మీద ఇంకో అరగంట నిలబడ్డారు.

ఇంటికి నడుస్తూ ఇన్‌చార్జి చాలాసేపు మౌనంగా ఉన్నాడు. అది ఆయన అలవాటు కాదు గనక భార్య రెండుసార్లు ఒళ్ళు బాగుందా అని అడిగింది.

“ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం?”

“మీరు ఆ కథ ఎంత బాగా చెప్పేవారో! పాడుచెయ్యబుద్ధి కాలేదు.”

నాలుగడుగులు వేశాక ఆయన ఆగాడు. “నిజం చెప్పు. ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా?”

“అన్నీ ఒక్కరోజే ఎందుకండీ, నడవండి” అంది ఆవిడ.