ఎంత మర్యాదగా చెప్పిందో

"ఎంత మర్యాదగా చెప్పిందో చూశావా?" అంటూ భర్త ఫోను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె ఉతికిన బట్టలు మడత పెడుతోంది. తెర మీద 'అమ్మ బీపీ మాత్రలు, సాయంత్రం ఆరులోపు, వీలు చూసుకుని తేగలరు' అని ఉంది. మాత్రలు అప్పటికే బల్ల మీద ఉన్నాయి. పదమూడేళ్ల కాపురంలో ఆ మనిషి చెప్పిన వేళకి మందులు తేవడం ఇదే మొదలు.

జరిగింది ఇదీ. ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో ఆమె పనుల సమన్వయం చూస్తుంది. అంటే తొమ్మిది మంది వెంటపడి, ఎవరి పని ఎంతవరకూ వచ్చిందో అడగడం. ఈమధ్య అక్కడ అందరి పనులూ ఆన్‌లైన్‌లో పంచిపెట్టే సాఫ్ట్‌వేర్ కావాలనుకున్నారు. రెండు మూడు వాడి చూసి, మంచిది ఎంచమని మేనేజరు ఆమెకే అప్పగించాడు. శనివారం ఇంట్లో కూర్చుని, పరీక్షకు ఏదైతేనేం అని ఇంటి పనులే ఎక్కించింది. పేరు వేయనిదే అది ఏ పనినీ తీసుకోదు. ముప్పై ఒక్క పనుల్లో నాలుగు భర్త పేరున వేసింది. అది నిజంగానే అతని ఫోనుకు కబురు పంపుతుందని ఆలోచించలేదు.

ఆమెకు కడుపు మండిపోయింది. సవతి వచ్చినా ఇంత మండేది కాదేమో. ఇదే మాట తను అంటే "నస మొదలెట్టావా" అనేవాడు. అత్తగారైతే "మావాడికి మెత్తగా చెప్పాలమ్మా" అని ఎన్నిసార్లు పాఠం చెప్పిందో. తను చెప్పీ చెప్పీ గొంతు అరిగాక మెత్తదనం ఎక్కడి నుంచి వస్తుంది?

సోమవారం ఆఫీసు పనులూ దాన్లో ఎక్కించి చూస్తే, అక్కడా అదే తంతు. ఆమెకు 'అలారం' అని పేరు పెట్టిన సైటు ఇంజనీరు, ఆమె వస్తుంటే ఫోను చెవిన పెట్టుకుని మెట్ల వైపు జారుకునే మహానుభావుడు, ఇప్పుడు పొద్దున్నే 'మీకు మూడు పనులున్నాయి' అని కనబడగానే బుద్ధిగా చేసి, ఆకుపచ్చ గుర్తు పెట్టుకుని మురిసిపోతున్నాడు. ఆ సాఫ్ట్‌వేర్‌నైతే ఎవరూ మొహం మాడ్చుకున్నావేం అని అడగరు. ఆమెది అసూయే, ఇంకేమీ కాదు. ఆమె ఆ సాఫ్ట్‌వేర్‌ను వద్దనడానికి ఏడు కారణాలు రాసుకుంది. నాలుగోది ఆమెకే నవ్వు తెప్పించింది, రంగు బాగాలేదట.

శుక్రవారం మీటింగుకు ముందు మరోసారి పనుల జాబితా తెరిచింది. 'వీలు చూసుకుని తేగలరు.' ఈ మాట ఎవరిది? తనదే. తన వేళ్లతో తనే కొట్టింది. మాత్రల డబ్బా ఊపి చూసి, రెండే ఉన్నాయని తెలుసుకున్నదీ తనే. ఇంజనీరు మూడు పనులూ తను తలలో మోసి, దింపి, దాన్లో పెట్టినవే. అంటే వీళ్లు తన మాట వింటున్నారు. తన మొహం ఎదురుగా లేకపోతే చాలు, వింటున్నారు. ఈ వారమంతా తను తన మీదే కుళ్లుకుంది. ఏడు కారణాల కాగితం చింపేసింది.

మీటింగులో అందరూ అదే కావాలన్నారు. "మీకూ హాయి. రోజూ పనులన్నీ మీరే ఎక్కిస్తూ ఉండండి, మీకు అలవాటేగా," అన్నాడు మేనేజరు.

ఆమె అందరికీ కనబడేలా పెద్ద తెర మీద కొత్త పని ఒకటి తెరిచి రాసింది: 'రోజూ ఏమేం పనులున్నాయో గుర్తు తెచ్చుకుని ఎక్కించడం.' కింద పేరు గడి ఖాళీగా ఉంది.

"పేరు లేకపోతే ఇది తీసుకోదండి. ఎవరిది వేయను?" అని అడిగింది.

ఇంజనీరు తన బూట్లు చూసుకున్నాడు. ఆమె వారానికొకరు చొప్పున తొమ్మిది మంది పేర్లూ, వాళ్లతో పాటు మేనేజరు పేరూ ఎక్కించింది. మొదటి వారం మేనేజరుది. ఆయన ఏదో అనబోయి, అందరూ చూస్తున్నారని సరేనన్నాడు.

సాయంత్రం భర్త ఫోను అటూ ఇటూ తిప్పి చూసుకుని, రేపటికి తనకేమీ రాలేదేమని అడిగాడు. అది పాడైపోయిందేమోనని కూడా అనుమానపడ్డాడు.

"బాగానే ఉందండీ," అంది ఆమె. "ఇంట్లో ఏం నిండుకుందో దానికి తెలియదు. నాకు తెలుసు. రేపటి నుంచి మీరు తెలుసుకోండి."