బాత్రూములో దుప్పట్లు

ఆదివారం పదిగంటలకు వృద్ధాశ్రమం హాల్లో ఫోటో తీస్తున్నారు. ఇలాంటి ఫోటో మీరూ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, బహుశా అందులో నిలబడి కూడా ఉంటారు. వెనక ఇద్దరు పట్టుకున్న పెద్ద బ్యానరు, దాని కింద వరసగా చిన్న వ్యాపారుల సంఘం సభ్యులు, ముందు కుర్చీల్లో వృద్ధులు, ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కొక్క దళసరి దుప్పటి. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

"అమ్మా, దుప్పటి ఇంకాస్త పైకెత్తండి. ఇంకాస్త... ఆఁ! మీ మొహం కనబడకపోయినా పర్లేదు, బ్యానరుకి అడ్డం రాకండి," అంటున్నాడు సంఘం అధ్యక్షుడు. ఆయనది ఫోటో స్టూడియో.

రెండో వరసలో ప్లంబరు, అతని పక్కన భార్య నిలబడ్డారు. వాళ్ళకు పెళ్ళయి నలభై రెండు రోజులు. వీధిలో అందరూ ఆమెను 'కొత్త పెళ్ళికూతురు' అనే పిలుస్తున్నారు. ఆమెకు ఆ పిలుపూ ముద్దుగానే ఉంది. ఆ మాటకొస్తే ఈ మధ్య అన్నీ ముద్దుగానే ఉన్నాయి. భర్త పాపిడి తీసుకునే తీరు, స్కూటరు స్టార్టయ్యే ముందు తుమ్మినట్టు చేసే చప్పుడు, కాగితం కప్పులో టీ మీద కట్టిన మీగడ. తన భర్త ఇలాంటి మంచి పనికి ముందుంటాడని తెలిశాక ఆ ఉదయమంతా ఆమె కాళ్ళు నేలమీద లేవు.

ఫోటో అయిపోయింది. ఆమెకు దాహం వేసింది. ముందు వరసలో ఒక సన్నటి పెద్దావిడ పక్కన స్టూలు మీద నిండు గ్లాసు కనబడింది. ఆవిడ ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపింది. ఆశ్రమంలో అందరికీ ఆవిడ 'టైపు మేడం'. ఇప్పటికీ మాట్లాడుతున్నప్పుడు ఒళ్ళోని దుప్పటి మీద వేళ్ళు టకటకా ఆడిస్తూనే ఉంటుంది.

"తాగేయి తల్లీ. నాకు అక్కర్లేదు," అంది ఆవిడ గ్లాసు అందిస్తూ.

"ఇంత ఎండలో మంచినీళ్ళు అక్కర్లేదా మేడం?"

"పొద్దున ఒక గ్లాసు తాగుతాను. చాలు."

ఎందుకలా అందో అప్పటికి ఆమెకు తట్టలేదు. గటగటా తాగేసి, కాసేపాగి, బాత్రూము ఎక్కడని అడిగింది.

"పెరట్లో. ఆ చివర. గోడ పట్టుకుని వెళ్ళు, నాచు ఉంటుంది. తలుపు పట్టుకోకు, ఊడి వస్తుంది."

పెరడు దాటి వెళ్ళింది. మేడం అన్నదంతా నిజమే, ఇంకా తక్కువే చెప్పింది. కుళాయి తిప్పితే పిడి చేతిలోకి వచ్చేసింది. బల్బు ఉండాల్సిన చోట వైరు వేలాడుతోంది. నీళ్ళు బయట డ్రమ్ములో ఉన్నాయి, అక్కణ్ణుంచి మగ్గుతో తెచ్చుకోవాలి. ఇరవై మూడేళ్ళ కాళ్ళతో వెళ్ళిన ఆమే రెండుసార్లు జారింది.

తిరిగి వస్తూ వార్డెన్ని అడిగింది. "లోపల బాత్రూము లేదాండీ?"

వార్డెన్ మొహమాటంగా నవ్వింది. "ఎందుకు లేదమ్మా, ఉంది. మంచాల గది పక్కనే. రెండేళ్ళ కిందట పైపు పగిలింది. వాడటం మానేశాక..." అని ఆగిపోయింది.

"మానేశాక?"

వార్డెన్ వెళ్ళి ఒక తలుపు తీసింది.

లోపల నేల నుంచి కప్పుదాకా దుప్పట్లే ఉన్నాయి. ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పని దుప్పట్లు. ఎర్రవి, నీలివి, పులిబొమ్మవి. వాష్‌బేసిన్ మీద దుప్పట్లు, కమోడ్ మీద దుప్పట్లు. అడుగు పెట్టడానికి సందు లేదు.

"మీ సంఘం వాళ్ళవే మూడేళ్ళవి. మిగతావి ఎవరెవరివో. మరెక్కడా చోటు లేక ఇందులో పెట్టాం," అంది వార్డెన్.

"మరి వద్దని చెప్పొచ్చు కదా!"

"చెబితే మొహం ముడుచుకుంటారమ్మా. మళ్ళీ రారు. వచ్చే నాలుగు చేతులూ పోతే మా గతేం కాను? వద్దనకుండా తీసుకుని దండం పెట్టడం అలవాటైపోయింది."

కొత్త పెళ్ళికూతురు టైపు మేడం దగ్గరికి తిరిగి వచ్చింది. ఖాళీ గ్లాసు ఇంకా స్టూలు మీదే ఉంది. అప్పుడు తట్టింది.

"మేడం, మీరు నీళ్ళు తాగనిది..."

"రోజుకు ఎనిమిది గ్లాసులు తాగమన్నాడు డాక్టరు," అంది ఆవిడ. "పోయిన్నెల్లో రెండుసార్లు మూత్రంలో మంటతో జ్వరం వచ్చింది. ఇంకోసారి వస్తే ఆస్పత్రిలో చేరాల్సిందే అన్నాడు. సరేనన్నాను. ఎనిమిది గ్లాసులు తాగితే ఎనిమిదిసార్లు పెరడు దాటాలి. నాతోపాటు డాక్టరు రాడుగా? నా పక్క మంచం ఆవిడ అలాగే వెళ్ళి పడింది. తుంటి విరిగి మంచం మీదే ఉంది. దాహాన్ని ఓర్చుకోవచ్చు తల్లీ, తుంటి విరిగితే ఓర్చుకోలేను."

ఆ మాటలు విన్నాక కొత్త పెళ్ళికూతురికి ఒళ్ళు మండిపోయింది. మండింది ఎవరిమీదో కాదు, అక్కడే గుమ్మంలో బిస్కెట్ నములుతూ నిలబడ్డ తన భర్త మీద.

దారిలో స్కూటరు మీద ఆమె భర్త భుజం మీద చెయ్యి వేయలేదు. మలుపు దగ్గర అతనే ఉండబట్టలేకపోయాడు.

"ఏమైంది? ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"ఏమండీ, మీరేం పని చేస్తారు?"

"ఇదేం ప్రశ్న? ప్లంబర్ని."

"మూడేళ్ళ నుంచి ఆ ఆశ్రమానికి వెళుతున్నారు. వాళ్ళకు పైపు పగిలి రెండేళ్ళయింది. మీరేమో దుప్పటి పట్టుకుని వెళ్ళారు!"

"నాకెవరూ చెప్పలేదే!"

"మీరడిగారా?"

"సంఘంలో దుప్పట్లనుకున్నారు, దుప్పట్లు ఇచ్చాం. అందులో నా తప్పేముంది?"

"తప్పు లేదు. మీది తప్పు కాదు, వాళ్ళది తప్పు కాదు, ఎవరిదీ తప్పు కాదు. ఆవిడ మాత్రం నీళ్ళు తాగదు."

వాళ్ళ మొదటి పోట్లాట అదే. ఇంటికెళ్ళాక అతను మూడుసార్లు పలకరించాడు, మూడుసార్లూ "ఊఁ" అంది. నాలుగోసారి అతను పక్కన కూర్చుని, "ఆ పైపు ఇత్తడిదా, ప్లాస్టిక్‌దా?" అని అడిగాడు. ఆమెకు కోపంలోనూ నవ్వొచ్చింది. కానీ మర్నాడు ఆశ్రమానికి వెళ్ళి చూసొచ్చాక అతను తల గోక్కున్నాడు. పైపొక్కటే అయితే ఒక పూటలో అయిపోయేది. గోడ తవ్వాలి, నేల మళ్ళీ పరవాలి, తలుపు మార్చాలి, కరెంటు లాగాలి. అతనొక్కడి వల్ల అయ్యే పని కాదు.

బుధవారం సాయంత్రం స్టూడియోలో సంఘం సమావేశం జరిగింది. గోడకు వేసిన జలపాతం తెర ముందు పదిమంది సర్దుకుని కూర్చున్నారు. వచ్చే కార్యక్రమానికి ఈసారి జంట దుప్పట్లు ఇద్దామని అధ్యక్షుడు ప్రతిపాదించాడు. చప్పట్లు మొదలయ్యేలోపే, భర్తతో వచ్చిన కొత్త పెళ్ళికూతురు లేచి తను చూసినదంతా చెప్పింది.

అధ్యక్షుడి మొహం మాడిపోయింది. "చెల్లెమ్మా, మంచి పని చేస్తుంటే ఇలా వంకలు పెడితే ఎలా? అయినా కుళాయిని ఫోటో ఎలా తీస్తాం? పదిమందిమీ బాత్రూములో నిలబడి పళ్ళికిలించమంటావా?"

అందరూ గొల్లుమన్నారు. ఆమె నవ్వలేదు.

"టైల్స్ మేస్త్రీగారూ, మీరేం ఇచ్చారు?"

"దుప్పటేనమ్మా."

"వడ్రంగి అన్నయ్యా?"

"దుప్పటే."

"కరెంటు బాబాయ్‌గారూ, మీరూ దుప్పటేనా? ఆ హాల్లో మీ నెత్తిమీద ట్యూబులైటు వెలగలేదు. చూశారా?"

ఎలక్ట్రీషియన్ నేలచూపులు చూశాడు. "చూశానమ్మా. స్టార్టరు పోయింది. చూడగానే తెలిసింది. రెండు నిమిషాల పని. కానీ... మనం వెళ్ళింది దుప్పట్లకి కదా అనుకున్నాను."

చేతిలో విద్య పెట్టుకుని, కంటికి కనబడిన కష్టాన్ని దాటేసి, కొనుక్కొచ్చిన దుప్పట్ల కట్ట వాళ్ళ చేతిలో పెట్టి వచ్చేశామని అక్కడున్న ప్రతివాడికీ ఒకేసారి తోచింది. మొదట ప్లంబరే నోరు విప్పాడు. "పైపు పని నాది." మేస్త్రీ గొంతు సవరించుకుని, "నా దగ్గర మిగిలిన టైల్స్ ఉన్నాయి. రంగులు కలవవు మరి," అన్నాడు. "రంగులు చూసేదెవరయ్యా, జారకపోతే చాలు," అన్నాడు వడ్రంగి. అధ్యక్షుడు మాత్రం లేచి కెమెరా తుడుచుకోసాగాడు.

మూడు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం దుప్పట్లు బయటికి తీయడంతోనే సరిపోయింది. పెద్దాసుపత్రి వరండాలో రోగుల బంధువులు కటిక నేల మీద పడుకుంటారని వార్డెన్ చెబితే, ముందు అక్కడికి వెళ్ళి ఎన్ని కావాలో అడిగి మరీ పంపారు. తర్వాత గోడ తవ్వారు, పైపు మార్చారు, నేల పరిచారు, గోడకు పట్టుకోవడానికి కడ్డీ బిగించారు. వడ్రంగి కడ్డీని తన ఎత్తుకు పెట్టబోతే టైపు మేడం కేకలేసింది. "నీకు కాదు నాయనా, నాకు! కిందికి దింపు!"

మూడో ఆదివారం టైపు మేడం మంచం దిగి పది అడుగులు నడిచి బాత్రూముకు వెళ్ళి, తిరిగి వచ్చి, కుర్చీలో కూర్చుంది. "మంచినీళ్ళు పట్రా తల్లీ," అంది. కొత్త పెళ్ళికూతురు తెచ్చింది. ఆవిడ ఒక గ్లాసు తాగింది. ఇంకో గ్లాసు అడిగి తాగింది. ప్లంబరు చేతికంటిన సిమెంటు తుడుచుకుంటున్నట్టు నటిస్తూ మొహం అటు తిప్పుకున్నాడు.

అప్పుడొచ్చాడు అధ్యక్షుడు. ఈసారి బ్యానరు లేదు, మెడలో కెమెరా మాత్రం ఉంది. కాసేపు తచ్చాడి, "మేడం, వీళ్ళందరికీ తలా ఒక పని వచ్చు. నాకు ఫోటో తీయడం తప్ప ఏదీ రాదు. నన్నేం చేయమంటారు?" అని అడిగాడు.

"అమ్మయ్య! మూడేళ్ళకు అడిగావన్నమాట," అంది ఆవిడ. "పక్క మంచం ఆవిడ కూతురు దూరదేశంలో ఉంది. అమ్మ ఎలా ఉందోనని ఒకటే బెంగ. జుట్టు దువ్వి, దిండుకు ఆనించి కూర్చోబెడతాం. మొహం కనబడేలా ఒక్క మంచి ఫోటో తీసి పంపు. ఇన్ని ఫోటోలు తీశావు, మాకొక్కటీ చూపించలేదయ్యా నువ్వు."

ఆయన మొహం ఎర్రబడింది. వెంటనే కెమెరా మూత తీశాడు.

టైపు మేడం అందరి వైపూ చూసింది. ఆవిడ గొంతులో కోపం లేదు, కానీ క్లాసులో తప్పులు దిద్దే నాటి ఖచ్చితత్వం ఉంది.

"మీరు చెడ్డవాళ్ళు కాదు. ప్రతి ఏడూ పని మానుకుని వచ్చారు, అదేం చిన్న విషయం కాదు. కానీ మాకేం కావాలో మీ అంతట మీరే అనుకున్నారు. మేమూ నోరు విప్పలేదు, ఆ తప్పు మాది. ఇకమీదట ఎవరికి ఏమివ్వాలనుకున్నా, దుకాణానికి వెళ్ళేముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి, 'మీకేం కావాలి?' అని అడగండి. ఆ కావలసింది చాలాసార్లు మీ చేతికొచ్చిన పనే అయి ఉంటుంది."