వెనక సీట్లో అత్తగారు

అత్తగారు పన్ను పీకించుకోవడానికి వెళ్ళిన రోజున కారు మరిగిపోయింది. నాలుగు రోడ్ల కూడలిలో, ఎర్ర దీపం దగ్గర, డ్రైవింగ్ నేర్చుకోవడానికి వచ్చిన బ్యాంకు ఉద్యోగి స్టీరింగు పట్టుకుని ఉండగా, బానెట్ కింద నుంచి ఆవిరి బుస్సున లేచింది. ఆయన తలుపు తీసుకుని దిగి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచి వెళ్ళిపోయాడు. పక్క సీట్లో ఉన్న టీచరు చెయ్యి చాచి ఇంజిన్ ఆపింది. వెనకనున్న బండ్లన్నీ ఒక్కసారే హారన్లు అందుకున్నాయి.

"ఈ పన్ను ఇవాళే పీకించుకోవాలా!" అనుకుంది టీచరు, ఖాళీగా ఉన్న వెనక సీటు వంక చూసి.

ఆ కారు ఆమె పెళ్ళికంటే పాతది. దాంట్లో రేడియేటర్ ఫ్యాను బెల్టుతో తిరుగుతుంది. ఇంజిన్ జోరుగా తిరిగితే అదీ జోరుగా తిరుగుతుంది, ఇంజిన్ కునికితే అదీ కునుకుతుంది. నేర్చుకునేవాళ్ళు కారుని ఎప్పుడూ నడకంత మెల్లగానే పోనిస్తారు కాబట్టి ఆ ఫ్యాను చాలదు. అయినా ఎనిమిదేళ్ళుగా డ్రైవింగ్ స్కూలు నడిచిందంటే వెనక సీట్లో అత్తగారు కూర్చోబట్టే. అత్తగారి చుట్టూ మూడు బారల మేర ఏదీ వేడెక్కదు.

పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి తెలియక టీచరు పొయ్యి మీద నీళ్ళు పెట్టి ముప్పావు గంట నిలబడింది. మామగారు అటుగా వచ్చి, "మీ అత్తయ్యని కాసేపు వీధి గదిలోకి వెళ్ళమను తల్లీ, మరుగుతాయి" అని చెప్పి తన పేపరు తాను చదువుకోవడానికి వెళ్ళిపోయాడు. ఇప్పుడాయన లేడు. ఆయన కొడుకు ఓడల మీద ఉద్యోగం చేస్తూ ఏడాదికి రెండు నెలలు ఇంటికొస్తాడు. మిగిలిన పది నెలలూ ఇంట్లో ఇద్దరే ఆడవాళ్ళు, వాకిట్లో ఒక కారు.

నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకి టీచరు మొదటి రోజే రెండు మాటలు చెప్పేది. ఒకటి, క్లచ్ మీద కాలు మెల్లగా తియ్యండి. రెండు, రేపటినుంచి స్వెట్టర్ తెచ్చుకోండి.

ఆ సాయంత్రం అత్తగారు బుగ్గ ఇంత లావున వాచి ఇంటికొచ్చింది. నోట్లో దూది ఉన్నా మాట ఆగలేదు.

"పూలకొట్టామె నన్ను రమ్మంటోందే, అమ్మాయ్."

"ఎక్కడికి?"

"కొట్లోకే. పన్ను పీకాక తల తిరిగితే అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. సాయంత్రం దాకా ఒక్క గులాబీ తల వాల్చలేదు. సోమవారం ఆవిడ కొట్టుకి చల్లటి అల్మారా వస్తోందట. నేను వస్తానంటే అల్మారా వద్దని చెప్పేస్తానంది. లేదంటే అది దిగిపోతుంది. ఇక నాతో పనుండదు."

టీచరు మడత పెడుతున్న తువ్వాలు పక్కన పెట్టింది. "మీకు వెళ్ళాలనుందా?"

"ఎనిమిదేళ్ళుగా నేను చూస్తున్నవన్నీ మెడలే. చెమట పట్టిన మెడలు, క్షవరం చేయించుకున్న మెడలు, చేయించుకోని మెడలు. కొట్టుకొచ్చేవాళ్ళు మొహం చూపించి మాట్లాడతారు." దూది సర్దుకుని మెల్లగా అంది: "కానీ నేను పోతే నీ కారు..."

"ఆ సంగతి నేను చూసుకుంటాను" అంది టీచరు. అంది గానీ ఎలా చూసుకోవాలో అప్పటికి తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఫ్యూజుని పిలిచింది. అతను కార్ల కరెంటు పని చేస్తాడు. ఎవరి బండి ఆగిపోయినా "ముందు ఫ్యూజు చూడండి" అనేవాడు కాబట్టి వీధి మొత్తానికి అదే పేరైంది.

"కరెంటు ఫ్యాను పెట్టేద్దాం అక్కా" అన్నాడు బానెట్ లేపి చూసి. "ఇంజిన్ మెల్లగా తిరిగినా దాని పని అది చేసుకుంటుంది. వేడెక్కితే దానంతటదే మొదలవుతుంది, చల్లబడితే ఆగిపోతుంది. మనుషులకంటే నయం."

ఇద్దరూ పాత సామాన్ల యార్డుకి వెళ్ళి, ముందు భాగం నుజ్జయిన ఒక చిన్న కారులోంచి రెక్క విరగని ఫ్యాను ఒకటి ఊడదీసుకొచ్చారు. శనివారమంతా పనే. పాత ఫ్యాను నాలుగు బోల్టులూ టీచరే విప్పింది. ఫ్యాను తీసేశాక, బెల్టు చక్రం ఊడకుండా అవే బోల్టులు మళ్ళీ బిగిస్తే లోపలికి ఎక్కువ దిగిపోయి నీళ్ళ పంపుకి తగులుతున్నాయి. వాషర్లు వేసి బిగించింది. రేడియేటర్ వెనక, రేకుల నుంచి వేలెడు దూరంలో, ఇనప పట్టీలతో కొత్త ఫ్యాను నిలబెట్టారు. బ్యాటరీ నుంచి లావు తీగ, దానికో ఫ్యూజు, మధ్యలో కరెంటు కలిపి విడదీసే రిలే, రేడియేటర్ అడుగున వేడిని కనిపెట్టే స్విచ్చి.

స్విచ్చితో పని లేకుండా తీగని నేరుగా బ్యాటరీకి తగిలించి చూశారు. ఫ్యాను గిర్రున తిరిగింది. కారు ముందు జాలీకి టీచరు ఒక కాగితం ఆనించింది. అది అతుక్కోవాల్సింది పోయి ఎగిరి ఫ్యూజు మొహాన పడింది.

"తీగలు అటుదిటు పెట్టావయ్యా. గాలి బయటికి పోతోంది."

"తొందరపడకక్కా, నిన్ను పరీక్ష చేశాను" అని ఫ్యూజు తీగలు మార్చాడు. ఈసారి కాగితం జాలీకి అతుక్కుంది.

ఆదివారం పొద్దున అసలు పరీక్ష. ఇంజిన్ నడుస్తూ వేడెక్కాలి, ఫ్యాను దానంతటదే మొదలవ్వాలి. టీచరు తాళం తిప్పింది. అరగంట గడిచింది. వేడి చూపే ముల్లు గడి మధ్యకి కూడా రాలేదు. ఫ్యాను కదల్లేదు.

ఫ్యూజు రిలే మార్చాడు. ఇంకో అరగంట. కదల్లేదు. స్విచ్చి ఊడదీసి తన కొట్టుకి పట్టుకెళ్ళి, గిన్నెలో నీళ్ళు కాచి, అందులో ముంచి చూశాడు. బల్బు వెలిగింది. అంటే స్విచ్చి మంచిదే. తెచ్చి మళ్ళీ బిగించాడు. ఎర్తు తీగ గీకి, రంగు పోయేదాకా రుద్ది, మళ్ళీ కలిపాడు. ఇంకో అరగంట. ముల్లు చలిమంట ముందు ముసలాడిలా ముడుచుకుని కూర్చుంది.

"ఏమైందిరా?" అడిగింది అత్తగారు వెనక సీట్లోంచి. ఇంజిన్ చప్పుడు వినగానే చెప్పులేసుకుని వచ్చి తన చోట కూర్చోవడం ఆవిడకి ఎనిమిదేళ్ళ అలవాటు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. రోజూ చూసే మనిషి కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు. ఫ్యాను తిరుగుతుందా లేదా అని అందరికంటే ఎక్కువ ఆత్రం ఆవిడకే.

"ఫ్యాను మంచిది, స్విచ్చి మంచిది, తీగలు మంచివి పెద్దమ్మా" అన్నాడు ఫ్యూజు చేతులు తుడుచుకుంటూ. "ఈ కారే మంచిది కాదు. దీని రాత నీతో ముడిపడింది. అయినా నువ్వుండగా ఫ్యానెందుకు చెప్పు? వర్షమొస్తే తడవవు, తుప్పు పట్టవు."

"పళ్ళూడతాయి" అంది అత్తగారు.

ఫ్యూజు నవ్వుకుంటూ టీ తాగొస్తానని వెళ్ళిపోయాడు. అత్తగారు నవ్వలేదు. కారు దిగి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "పూలకొట్టామెకి కుదరదని చెప్పేసొస్తానే. పాపం, ఎదురు చూస్తుంటుంది" అని వీధి మలుపు తిరిగింది.

టీచరు డ్రైవర్ సీట్లో కూలబడింది. తాళం మీద చెయ్యి వేసింది, ఇంజిన్ ఆపేద్దామని. అప్పుడు ముల్లు కదిలింది.

గడి మధ్యకొచ్చింది. దాటింది. ఇంకొంచెం పైకి పోయింది. అంతలో కారు ముందు నుంచి టక్కుమని ఒక చప్పుడు, ఆ వెంటనే జోరున ఫ్యాను హోరు. జాలీకి ఎదురుగా నేల మీద పడున్న ఆకొకటి లేచి వచ్చి అతుక్కుంది.

ఇంత చిన్న సంగతి తనకీ ఫ్యూజుకీ తట్టనందుకు టీచరుకి సిగ్గేసింది. ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది, అది సిగ్గుకంటే చెడ్డది. ఫ్యూజు లేడు. అత్తగారు లేదు. ఫ్యాను తిరగడం చూసింది తనొక్కతే. ఇప్పుడు తాళం తిప్పేస్తే ఎవరికీ తెలియదు. ఫ్యాను పాతది, ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. అత్తగారైతే ఎనిమిదేళ్ళలో పన్ను పీకించుకున్న ఆ ఒక్క రోజే రాలేదు. కుదరదని ఆవిడే చెప్పేస్తోంది. తను అబద్ధమాడక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు.

ఫ్యాను ఆగింది. నిమిషం తర్వాత మళ్ళీ మొదలైంది. మనుషులకంటే నయం అన్నాడు ఫ్యూజు.

టీచరు గేరు వేసింది.

పూలకొట్టు రెండు వీధుల అవతల. దారంతా ఫ్యాను హోరుమంటూనే ఉంది. కొట్టు ముందు అత్తగారు నిలబడి ఏదో చెబుతోంది, పూలకొట్టామె తల వంచుకుని వింటోంది. కారు మూడు బారల దూరంలోకి రాగానే ఫ్యాను గొంతు నొక్కినట్టు ఆగిపోయింది.

"అత్తయ్యా, ఫ్యాను తిరుగుతోంది!" అంది టీచరు కిటికీలోంచి తల బయటపెట్టి.

అత్తగారు కారు ముందుకొచ్చి, వంగి, జాలీలోంచి చూసింది. "ఎక్కడే? ఆగే ఉంది కదా."

"మీరున్నారుగా. మీరుంటే తిరగదు."

"మరి నేనెప్పుడు చూడాలి?"

"మీరెప్పుడూ చూడలేరు. నా మాట నమ్మాల్సిందే."

అత్తగారు నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నేను పోవాలని నువ్వు అబద్ధమాడుతున్నావేమో. నన్ను పంపించేసి, రేపు మళ్ళీ రోడ్డు మధ్యలో ఆవిరి కక్కించుకుంటావు."

టీచరుకి నవ్వొచ్చింది. ఆవిణ్ణి పోనివ్వకుండా ఉంచుకోవడానికి ఇందాక తను దాచబోయింది ఈ నిజాన్నే. "సరే, చూడలేకపోతే వినండి" అని కారు వెనక్కి పోనిచ్చింది. కరెంటు స్తంభం దాటింది. చెప్పుల కొట్టు దాటింది. ఇంజిన్ నడుస్తుండగా అక్కడ ఆగింది. వీధిలో వాళ్ళు తప్పుకుని చూస్తున్నారు. చాలాసేపు ఏమీ లేదు. అత్తగారు చెవి వెనక చెయ్యి పెట్టుకుని నిలబడింది. పూలకొట్టామె కూడా గులాబీల బకెట్టు పట్టుకుని అలాగే నిలబడింది.

టక్. హోరు.

"అదేనా?" అరిచింది అత్తగారు.

"అదే!"

"ఇంత గోలేమిటే!" అంది అత్తగారు, కానీ వాపు తగ్గని బుగ్గతోనే మొహమంతా నవ్వు. వెనక్కి తిరిగి పూలకొట్టామెతో, "ఇందాక చెప్పింది మర్చిపోమ్మా. ఆ అల్మారావాళ్ళకి ఫోన్ చెయ్యి" అంది.

"స్టూలు మీద దిండు కూడా వేస్తాను పిన్నిగారూ" అంది ఆమె.

సోమవారం నుంచి వెనక సీటు ఖాళీ. నేర్చుకునేవాళ్ళు స్వెట్టర్లు మానేశారు. పూలకొట్టులో అత్తగారు వచ్చిన వాళ్ళందరి మొహాలూ చూసి, ఎవరు ఎవరికి పూలు కొంటున్నారో అడక్కుండానే చెప్పేస్తోందట. ఆ బ్యాంకు ఉద్యోగి ఒకరోజు బ్యాంకులోనే పని చేసే ఒకావిడ కోసం లిల్లీలు కొనడానికి వచ్చి, అత్తగారిని గుర్తుపట్టి, మర్నాడు మళ్ళీ క్లచ్ మీద కాలు పెట్టడానికి వచ్చాడు.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం, సరిగ్గా పూలకొట్టు ఎదురుగా, ఫ్యాను ఆగిపోయింది. స్టీరింగు దగ్గర ఆ బ్యాంకు ఉద్యోగే. ముల్లు ఎర్ర గీత ముట్టుకుంటుండగా టీచరు కారు పక్కకి తీయించి ఇంజిన్ ఆపించింది. కొట్టులోంచి అత్తగారు అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటోంది.

"రానా అమ్మాయ్? ఒక్క ఐదు నిమిషాలు కూర్చుంటే చల్లబడిపోతుంది."

"మీరు కూర్చోండత్తయ్యా, అక్కడే" అంది టీచరు. "పూలు వాడిపోతాయి."

బానెట్ లేపింది. ముందు ఫ్యూజు చూసింది. అదే కాలిపోయింది. కొత్తది వేసింది. ఇంజిన్ చల్లబడేదాకా నలభై నిమిషాలు ఎండలో నిలబడింది. బ్యాంకు ఉద్యోగి ఈసారి పారిపోకుండా పక్కనే నిలబడి చెమట తుడుచుకున్నాడు. రోడ్డుకి అటుపక్క నుంచి అత్తగారు ఒకటికి రెండుసార్లు చెయ్యి ఊపి అడిగింది. టీచరు తల అడ్డంగా ఊపింది.

సాయంత్రాలు ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు అత్తగారు ముందు సీట్లో కూర్చుంటుంది, రోడ్డు చూస్తూ. అది వేరు. కారు కోసం మాత్రం ఆవిణ్ణి మళ్ళీ కారెక్కించకూడదని ఆ ఆదివారం గేరు వేస్తూ టీచరు అనుకుంది. ఎక్కించలేదు.