ఏ మైకులో చెప్పారు?

పంచాయతీ ఆఫీసు ముందు వేసిన షామియానా కింద సగానికి పైగా కుర్చీలు ఖాళీ. నిండిన వాటిలో కూర్చున్నది దాదాపు అందరూ పేటవాళ్లే. ఊళ్లోంచి నలుగురు వచ్చారు. అందులో ఇద్దరు పెన్షన్ ఎందుకు ఆగిందో అడగటానికి వచ్చినవాళ్లు.

పంచాయతీ సెక్రటరీ ప్రభాకర్ వాచీ చూసుకుని లేచాడు.

“కోరం లేదండీ. సభ శుక్రవారం పదింటికి వాయిదా వేస్తున్నాను.”

“శుక్రవారం కూడా కోరం లేకపోతే?” అంది కృపావరం.

“‘ఎవరికీ అభ్యంతరం లేదు’ అని రాసి పైకి పంపించేస్తానండీ. రెండుసార్లు పిలిచాక ఇంక నా చేతిలో ఏముంటుంది?”

తుమ్మలపాయలో ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్లే పడతాయి. అవనిగడ్డ వైపు నుంచి కాలవ వదిలినప్పుడు మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. ఊరూ, పేటా వేసవి గడిచేదాకా ఆ నీళ్లే తాగాలి. ఇప్పుడు ఆ చెరువు పడమటి గట్టుకి ఆనుకుని రొయ్యల చెరువులు తవ్వుతానంటూ గుడివాడ నుంచి పిచ్చేశ్వరరావు దిగాడు. పొలాలు లీజుకి మాట్లాడేసుకున్నాడు. గ్రామసభ వద్దంటేనే ఆగుతాడు. లేకపోతే పొక్లెయిన్లు వస్తాయి. రొయ్యల చెరువులో పెట్టిన ఉప్పునీళ్లు గట్టు కిందుగా మంచినీళ్లలోకి దిగటానికి రెండు వేసవులు చాలు.

కృపావరం పేటలో బట్టలు కుడుతుంది. మహిళా సంఘాల లీడరు. మనుషుల్ని పోగేయటం ఆమెకు కొత్త కాదు. చల్లపల్లిలో ధర్నా అంటే ఆటోలు నింపిన మనిషి. అలాంటిది సొంత ఊళ్లో సభకి జనం రాకపోవటం ఆమెకు అంతుబట్టలేదు. సంచిలో కుట్టిన జాకెట్లు పెట్టుకుని నేరుగా కనకదుర్గ ఇంటికి వెళ్లింది.

కనకదుర్గ గుడి కమిటీ ప్రెసిడెంటు కాంతారావు భార్య. శుక్రవారం శుక్రవారం గుడిలో ఆడవాళ్లందర్నీ కూర్చోబెట్టి మైకులో పారాయణం చేయిస్తుంది. ఊళ్లో ఆమె గొంతు ఎరగనివాళ్లు లేరు.

“జాకెట్లు సరే గానీ, ముఖం అలా పెట్టావేంటే?” అంది కనకదుర్గ.

“మీరెవరూ సభకి రాలేదేంటండీ దుర్గమ్మగారూ?”

“ఏ సభ?”

“చెరువు సభండీ! నిన్న సాయంత్రం, ఇవాళ పొద్దున మైకులో అరిచి అరిచి చెప్పించాను కదండీ.”

“ఏ మైకులో?”

“చర్చి మైకులో.”

కనకదుర్గ నవ్వేసింది. “ఇంకేం! అది మోగితే ప్రార్థన అనుకుంటాం. మాకు కాదనుకుని టీవీ సౌండు పెంచుకుంటాం. తప్పుగా అనుకోకు. మా గుడి మైకులో చెప్పినవి నువ్వు ఎప్పుడైనా విన్నావా?”

వినలేదని కృపావరానికి అప్పుడు గుర్తొచ్చింది. కిందటి సంక్రాంతి ముందు పశువుల టీకాల క్యాంపు అని గుడి మైకు రెండు రోజులు మోగింది. భజన అనుకుని పేటలో ఒక్కరూ పట్టించుకోలేదు. తన గేదెకీ టీకా పడలేదు.

“అయితే ఈసారి గుడి మైకులో చెప్పించండి.”

“తాళం మా ఆయన దగ్గర ఉంటుంది,” అంది కనకదుర్గ. గొంతు తగ్గించి, “లీజుకిచ్చిన పొలాల్లో మాదీ ఉంది,” అంది.

కాంతారావు సాయంత్రం రైస్ మిల్లు దగ్గర దొరికాడు. కృపావరం చెప్పింది చివరిదాకా విన్నాడు. మర్యాదలో మాత్రం లోటు చెయ్యలేదు.

“చూడమ్మా, అది దేవుడి మైకు. అందులో రాజకీయాలు చదివితే బాగోదు. రేపు ఇంకోళ్లు వచ్చి ఇంకోటి చదవమంటారు.”

“టీకాల క్యాంపు చదివారు కదండీ.”

“అది పశువుల సంగతి.”

“ఇది మనుషుల సంగతేనండీ.”

అతను బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. ఆమె ఊరి వాట్సప్ గ్రూపులో మెసేజ్ పెడదామని ఫోన్ తీసింది. టైపు చెయ్యటానికి చోటే లేదు. అడ్మిన్లు మాత్రమే పెట్టేలా ఎవరో మార్చేశారు. అడ్మిన్ కాంతారావు ఒక్కడే.

గురువారమంతా ఊళ్లో ఇల్లిల్లూ తిరిగింది. ఎవరూ కసురుకోలేదు. మజ్జిగ కూడా ఇచ్చారు.

“మైకులో చెప్పనీ కృపా, వస్తాం.”

“కాంతారావుగారికి తెలుసా ఈ సంగతి? ఆయన చెప్పలేదే?”

ఏ గడపలోనైనా ఇదే జవాబు. చావు కబురైనా, కరెంటు కోతైనా గుడి మైకు చెబితేనే తుమ్మలపాయ ఊళ్లో నిజం. ఆటోకి మైకు కట్టి తిప్పుదామా అనుకుంది. పోయిన ఎన్నికల్లో అలా తిరిగిన ఆటోలు ఎన్ని ఉన్నాయో, వాటి మాట ఎంతమంది విన్నారో గుర్తొచ్చి ఆగిపోయింది. సర్పంచ్‌కి ఫోన్ చేసింది. ఆయన విజయవాడలో ఉంటాడు. “నేనూ అదే ఆలోచిస్తున్నానమ్మా,” అని పెట్టేశాడు.

ఇంక మిగిలింది ఒక్కటే. శుక్రవారం పొద్దున పారాయణం అయ్యాక మైకు కనకదుర్గ చేతిలోనే ఉంటుంది. ఒక్క ముక్క చెప్పమని అడగాలి. మొగుణ్ణి కాదని చెబుతుందా?

శుక్రవారం కృపావరం గుడి దగ్గరికి వెళ్లేసరికి ఆడవాళ్లు మెట్లమీద నిలబడి గోలగోలగా మాట్లాడుకుంటున్నారు. పారాయణం లేదు. మైకు పెట్టె ఉండే చోట వైర్లు మాత్రం వేలాడుతున్నాయి.

“రిపేరుకి చల్లపల్లి పంపించారంట,” అని పూజారి ఎవరి వంకా చూడకుండా చెప్పాడు.

“మొన్న శుక్రవారం చక్కగా పలికిందే?” అని ఎవరో అన్నారు.

కనకదుర్గ పట్టుచీరలో, పుస్తకం చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. కృపావరాన్ని చూసింది. చూసిన వెంటనే మెట్లు దిగి వచ్చింది.

“నీ సభ ఆపితే ఆపాడు. నా పారాయణం ఆపాడు. ఒక్క మాట నాతో చెప్పకుండా!”

“ఇప్పుడేం చేద్దామండీ?”

“కోడూరు దగ్గర మా పుట్టింటివాళ్ల చెరువు ఇలాగే పోయింది. ఇప్పుడు అన్నం వండాలన్నా నీళ్ల టిన్ను కొనాలి. ఆ సంగతి ఈయనకి తెలుసు. తెలిసే సంతకం పెట్టాడు.” ఆమె పేట వైపు తిరిగింది. “మీ మైకు పలుకుతోందా?”

కృపావరానికి అర్థం కావటానికి కొంచెం టైం పట్టింది.

“పలుకుతోందండీ. కానీ మీవాళ్లు అది వినరన్నారుగా?”

“మీవాళ్లు మాట్లాడితే వినరు. పద.”

చర్చిలో పాస్టర్ శామ్యూల్ రాజ్ కుర్చీలు సర్దుతున్నాడు. విషయం చెప్పగానే తటపటాయించాడు.

“వాక్యం చెప్పే మైకు కదా కృపావరం. సంఘ పెద్దలేమంటారో...”

“మీ ఇంట్లో ఫిల్టర్లో పోసేది ఏ నీళ్లండీ పాస్టర్ గారూ?”

ఆయన జేబులోంచి తాళంచెవి తీశాడు.

కనకదుర్గ చెప్పులు బయట వదిలి గుమ్మంలో ఆగింది. “లోపలికి రావచ్చాండీ?”

“రండమ్మా, ఎండలో ఎందుకు?” అంటూ పాస్టర్ చీర కొంగంత వెడల్పున్న తువాలుతో మైకు తుడిచి ఇచ్చాడు.

“హలో. వినపడుతోందా?” అంది కనకదుర్గ. చర్చి గోపురం మీద మైకు హారన్లు కీచుమన్నాయి. “నేను కనకదుర్గని. మీ చెవులు బాగానే ఉన్నాయి, ఇది చర్చి మైకే. మన మైకు చల్లపల్లి వెళ్లింది. అందుకే ఇవాళ పారాయణం లేదు. పదింటికి పంచాయతీ ఆఫీసు దగ్గర గ్రామసభ. మంచినీళ్ల చెరువు పక్కన రొయ్యల చెరువులు వద్దనేవాళ్లు రండి. కావాలనేవాళ్లు కూడా రండి, ఎవరో చూస్తాం.”

అదే మాట ఇంకోసారి, కొంచెం గట్టిగా చెప్పింది.

కృపావరం గేటు దగ్గర నిలబడి రోడ్డు చూస్తోంది. టీ కొట్టు బెంచీమీద మగాళ్లు గ్లాసులు పట్టుకుని లేచారు. ఎదురింటి డాబా మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ తడిచీర భుజానేసుకుని పిట్టగోడ దగ్గరికి వచ్చింది. సైకిల్ మీద వెళ్తున్న రైతు ఒకడు దిగి, గేటు దాకా వచ్చాడు.

“ఏమ్మా, దుర్గమ్మగారు మీలో కలిసిపోయారా?”

“పదింటికి వచ్చి ఆవిడనే అడగండి బాబాయ్.”

ఆ కబురు వాళ్లిద్దరి నడకకన్నా ముందు ఊరు తిరిగింది. షామియానా దగ్గరికి వచ్చినవాళ్లలో చెరువు కోసం వచ్చిందెవరో, కనకదుర్గ నుదుట బొట్టు ఉందో లేదో చూడ్డానికి వచ్చిందెవరో చెప్పటం కష్టం. కృపావరానికి ఆ తేడాతో పనిలేదు. కుర్చీలు చాలక ఊళ్లోవాళ్లూ పేటవాళ్లూ నేలమీద పరిచిన ఒకే పట్టామీద సర్దుకుని కూర్చున్నారు. ప్రభాకర్ తలలు లెక్కపెట్టటం మొదలుపెట్టి మధ్యలో మానేశాడు.

“కోరం ఉందండీ,” అన్నాడు.

కాంతారావు, పిచ్చేశ్వరరావు పక్కపక్కనే ముందు వరసలో ఉన్నారు. పిచ్చేశ్వరరావు లేచి నమస్కారం పెట్టాడు.

“నీళ్ల గురించి మీకు భయం వద్దండీ. నా సొంత ఖర్చుతో ఆర్వో ప్లాంటు పెట్టిస్తాను.”

“దానికి నీళ్లు ఎక్కణ్ణించి తోడతారండీ?” అని కృపావరం అడిగింది.

“చెరువులోంచే కదండీ.”

“ఏ చెరువులోంచి? మాదా, మీదా?”

వెనక ఎవరో పక్కున నవ్వారు. ఆ నవ్వు ముందు వరస దాకా పాకింది. కనకదుర్గ లేచి పుట్టింటి చెరువు సంగతి చెప్పింది. మొగుడి వంక చూడకుండానే చెప్పింది. కోడూరు వైపు చుట్టాలున్నవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురు లేచి అవునన్నారు.

“రొయ్యల చెరువులు వద్దనేవాళ్లు చేతులెత్తండి,” అన్నాడు ప్రభాకర్.

పట్టా మీద నుంచి చేతులు లేచాయి. కృపావరం వెనక్కి తిరిగి చూసింది. ఏ చెయ్యి పేటదో, ఏ చెయ్యి ఊరిదో చూసేంత తీరిక లేదు. కళ్లలో నీళ్లు వస్తాయేమోనని వెంటనే ముందుకి తిరిగింది.

“కావాలనేవాళ్లు?”

పిచ్చేశ్వరరావు చెయ్యి సగం లేచింది.

“మీకు ఈ ఊళ్లో ఓటు లేదండీ,” అన్నాడు ప్రభాకర్.

కాంతారావు చెయ్యి మోకాలి మీద నుంచి కదిలింది. పైదాకా వెళ్లి తల గోక్కుని మళ్లీ మోకాలి మీదికి వచ్చేసింది.

గ్రామసభకి అభ్యంతరం ఉందని ప్రభాకర్ రాశాడు. చదివి వినిపించాడు. సంతకాల కోసం జనం ఎగబడ్డారు. పిచ్చేశ్వరరావు కారు బందరు రోడ్డు వైపు వెళ్లింది. అక్కడ ఎవర్ని కలుస్తాడో, ఏం ప్రయత్నిస్తాడో కృపావరం ఊహించగలదు. కలవనీ. ఇంకో సభ పెట్టాల్సి వస్తే ఎలా పిలవాలో ఇప్పుడు తెలుసు.

షామియానా విప్పుతుండగా కాంతారావు భార్య దగ్గరికి వచ్చాడు. కృపావరం పక్కనే ఉన్నా, లేనట్టే మాట్లాడాడు.

“మైకు సాయంత్రానికి వచ్చేస్తుంది.”

“తొందరేం లేదులెండి,” అంది కనకదుర్గ. “చర్చి మైకు బాగా పలుకుతోంది.”

సభకి వచ్చినవాళ్లు తాగటానికి పెట్టిన బిందెలు ఖాళీ అయ్యాయి. కనకదుర్గ ఒకటి చంకన పెట్టుకుని, ఇంకోటి కృపావరం చేతికిచ్చింది. ఇద్దరూ చెరువు వైపు నడిచారు.